ఆర్విడ్ రాసిన సున్నా

ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర ఆర్విడ్ కలం ఆగిపోయింది. ఇంట్లో ఆయుధాలు ఎన్ని? ఎక్కడ ఉంచారు? తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?

అతను గడ్డం గోక్కుని, భార్య బ్రిట్టా వైపు ఒకసారి చూసి, పెద్ద సున్నా చుట్టాడు.

బల్లకు అటువైపు కూర్చున్న ఫిలిస్ కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని కొంతకాలం సాకే ఇళ్ళను చూసి, లైసెన్సుకు సిఫారసు చేసేది ఆవిడే. ఆ ఉత్తర మిన్నెసోటా ఊరిలో ఎవరి ఇంట్లో సూపు మాడినా సాయంత్రానికి కాఫీ హోటల్లో అందరికీ చెప్పేదీ ఆవిడే.

"స్టెనెరుడ్ వాళ్ళ ఇంట్లో సున్నానా? జింకల వేట మొదలైతే మీ నాన్న పెళ్ళికి కూడా రాడు కదయ్యా! నీ పెళ్ళినాడు ఆయనే మీ తాతగారి రైఫిలు నీ చేతిలో పెట్టి ఏడ్చాడు. నేను అక్కడే ఉన్నాను."

ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. బ్రిట్టాకు నవ్వొచ్చింది. పెళ్ళయి అయిదు నెలలైనా ఆ చెవులు ఎర్రబడితే ఆమెకు పండగే.

"అది చెరువులో ఉందండీ," అంది.

జరిగింది ఇది. జూన్‌లో ఇద్దరూ చిన్న పడవలో, గుడారం వేసుకుని తిరుగుతూ కొత్త కాపురం మొదలుపెట్టారు. ఎలుగుబంట్లుంటాయని తాత రైఫిలు కూడా పట్టుకెళ్ళాడు ఆర్విడ్. నడి చెరువులో ఉండగా సూర్యుడు నారింజపండులా దిగుతుంటే ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. పడవ బోర్లాపడింది. మనుషులు తేలారు. రైఫిలు తేలలేదు. రెండు రోజులు మునిగి వెతికినా బురద తప్ప ఏమీ చేతికి రాలేదు. పోయిన సంగతి పోలీసులకు చెప్పారు కానీ, నాన్నకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఫిలిస్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆర్విడ్ దిగులుగా చూశాడు. "రేపు పొద్దున హోటల్లో అందరికీ ఇదే కథ, కదండీ?"

ఆవిడ నవ్వు ఆపి, ఫారం అతని వైపు తిప్పి, అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టింది. ఆయుధాల వివరాలు ఫైలు దాటి ఎవరికీ చెప్పకూడదని ఉంది అక్కడ. "ఉన్నాయని తెలిస్తే దొంగలకు పని. లేవని తెలిస్తే ఊరికి పని. నా నోటి సంగతి నాకూ తెలుసులే. ఫైలు సంగతి మాత్రం వేరు."

ఈ లైసెన్సంతా జోలీన్ కోసం. తొమ్మిదేళ్ళ పిల్ల. బ్రిట్టా పనిచేసే బడి గ్రంథాలయంలో రోజూ కిటికీ పక్కన కూర్చుని గుర్రాల పుస్తకాలు చదివేది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో కోలుకునేదాకా ఆ పిల్లకు ఇల్లు కావాలి. ఈ ఊళ్ళో దొరక్కపోతే నూటయాభై మైళ్ళ అవతల కొత్త ఊరు, కొత్త బడి. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం బ్రిట్టా ఊహించుకోలేకపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఒక గురువారం ఫిలిస్ మళ్ళీ వచ్చింది. కాఫీ వద్దంది. అప్పుడే బ్రిట్టాకు అర్థమైంది, ఏదో తేడా వచ్చిందని.

"నా దగ్గర ఒక కాగితం సున్నా అంటోంది. ఇంకో కాగితం కాదంటోంది. రెండోది ఎవరు రాశారో చెప్పను. మీ ఫారంలో ఏముందో వాళ్ళకూ చెప్పను. రెండూ ఒకటి కాకపోతే సంతకం పెట్టలేను. మంగళవారం నిర్ణయం. ఆ తర్వాత పిల్లను పంపేస్తారు."

"మరి మేమేం చెయ్యాలి?"

"అది చెప్పటానికే లేదమ్మా," అని ఆవిడ కోటు వేసుకుంది.

చెప్పక్కర్లేకపోయింది. వాళ్ళ మంచితనానికి పూచీగా ఉత్తరాలు రాసింది ముగ్గురు: పాస్టరు, బడి పెద్ద, మామగారు హాల్వర్. కొత్త కోడలు మురిసేలా టేకు లాంటి ఓక్ చెక్కతో, రెండు తాళాలతో తుపాకి బీరువా చేసి ఇచ్చింది ఆయనే. పాపం, కొడుకు ఎంత జాగ్రత్తపరుడో గొప్పగా చెప్పబోయి, మా నాన్న రైఫిలు ఆ బీరువాలో భద్రంగా ఉందని రాసేసి ఉంటాడు.

"నేనే చెప్తాలే. శనివారం," అన్నాడు ఆర్విడ్. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

శనివారం పొద్దున హోటలు కిటకిటలాడుతోంది. హాల్వర్ గుడ్లు, బంగాళాదుంపల ముందు కూర్చుని ఊరందరితో మాట్లాడుతున్నాడు. ఆర్విడ్ నాలుగుసార్లు నోరు తెరిచి నాలుగుసార్లూ కాఫీ పోసుకున్నాడు. ఈలోగా పక్క బల్ల దగ్గర ఫిలిస్ పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన పై తింటూ కనిపించింది హాల్వర్‌కు.

"ఏం ఫిలిస్! మావాళ్ళ ఇల్లు చూశావుగా? మా నాన్న రైఫిలు చూశావా? ఎలా మెరుస్తోంది?"

హోటలంతా చెవులు రిక్కించింది. బ్రిట్టా బల్ల కింద భర్త చేయి పట్టుకుంది.

ఫిలిస్ ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. "ఎవరింట్లో ఏముందో, ఏం లేదో నేను చెప్పను హాల్వర్."

"నువ్వా! చెప్పవా! పాస్టరుగారి పళ్ళసెట్టు సంగతి చెప్పింది ఎవరు?"

"అది పళ్ళసెట్టు. ఇది ఫైలు. అడగకు."

"అదేంటే, నాది నాకు చెప్పటానికి..."

"మీ అబ్బాయి ఎదురుగానే ఉన్నాడు. నేను ఈ ముక్క తినాలి." ఆవిడ కుర్చీ అటు తిప్పుకుంది.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆర్విడ్ లేచాడు. "నాన్నా, ఒకసారి బండి దగ్గరికి రా."

ట్రక్కు ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో బ్రిట్టా. ఆర్విడ్ రోడ్డు వైపు చూస్తూ అంతా చెప్పేశాడు. హాల్వర్ తలుపు తీసుకుని దిగి, వీధి చివర చెరువు గట్టు దాకా నడిచి, టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. బ్రిట్టాకు ఏడుపొచ్చింది. ఆయన వెనక్కొచ్చి కూర్చునే సరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత లోతు?"

"నలభై అడుగులు ఉంటుంది."

"నీకు మూడేళ్ళప్పటి నుంచి చెప్తూనే ఉన్నాను, పడవలో నిలబడొద్దని. ఎందుకు నిలబడ్డావురా?"

ఆర్విడ్ చెవులు కాలిపోయాయి. బ్రిట్టాయే చెప్పింది. "నాకు ముద్దు పెట్టటానికండీ."

హాల్వర్ ఆలోచించాడు. "పెట్టాడా?"

"లేదు. ఈలోపే పడ్డాం."

"అంటే అదీ పోయింది, ఇదీ పోయింది!" ఆయన భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తున్నాడనుకుంది. కాదు, నవ్వుతున్నాడు. నవ్వుతూనే ముక్కు చీదుకున్నాడు. "నాకు ముందే చెప్పాల్సిందిరా. హోటల్లో ఎవడో చెప్పగా విని ఉంటే తట్టుకునేవాణ్ణి కాదు." టోపీ పెట్టుకుంటూ, "ఆవిడకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"రెండు వారాలుగా," అంది బ్రిట్టా.

"రెండు వారాలు! ఫిలిస్!" హోటలు కిటికీ వైపు చూసి, వేసుకున్న టోపీ మళ్ళీ తీశాడు.

అక్కడికక్కడే ఒళ్ళో కాగితం పెట్టుకుని రాశాడు: నేను ఉత్తరంలో రాసింది పొరపాటు. ఆ రైఫిలు జూన్‌లోనే పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో తుపాకులు లేవు. మావాడు నిజం చెప్పే మనిషి, కాస్త ఆలస్యంగా.

మంగళవారం సంతకం అయింది. శుక్రవారం నాలుగింటికి ఫిలిస్ కారు వాకిట్లో ఆగింది. వంటింట్లో అడవిబియ్యం సూపు ఉడుకుతోంది. జోలీన్ ఒక సంచీతో గుమ్మం దగ్గర నిలబడింది, బూట్లు కూడా విప్పకుండా.

బ్రిట్టా ఫిలిస్ రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చెప్పకపోవటం వల్లే..." అంటూ ఆగిపోయింది.

"నేనేం చెప్పలేదమ్మా," అంది ఆవిడ. "అన్నట్టు చర్చిలో ఆర్గాన్ వాయించే ఆవిడ మూడో పెళ్ళి చేసుకుంటోంది, తెలుసా?"

కారు వెళ్ళిపోయింది. జోలీన్ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"ఇక్కడ ఎన్ని రోజులు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు బ్రిట్టాకు. "మీ అమ్మకు బాగయ్యేదాకా. ఎంత కాలమో మాకూ తెలీదు. ఉన్నన్నాళ్ళూ నీ బడి, నీ కిటికీ, నీ గుర్రాలు అన్నీ ఇక్కడే."

ఆ పిల్ల కాసేపు ఆర్విడ్‌ను, కాసేపు సూపు గిన్నెను చూసింది.

"అయితే బూట్లు విప్పుతాను," అని కిందకి కూర్చుంది.