పన్నెండో పేజీ దాకా చదివి వేసిన మార్కులు

ఆ పొద్దున మా పీజీ సెంటరు నోటీసు బోర్డు మీద చివరి సెమిస్టరు ప్రాజెక్టు మార్కులు పెట్టారు. నూటికి నలభై వస్తే పాస్. సోషియాలజీ ఎం.ఏ.లో ఇరవై ఒక్క మందిమి. ఫెయిలైంది మహిమ ఒక్కతే. ఆమె పేరుకెదురుగా ముప్పై ఒకటి ఉంది.

మహిమ ఆ వరుస వెంట వేలు పెట్టి రెండుసార్లు చూసుకుంది. ఏడవలేదు. "గీసారి పాస్ కాకుంటె ఇంటికి రమ్మన్నది అవ్వ" అంది, ఎవరితోనో తెలియకుండా. వాళ్లది చెన్నూరు, మెథడిస్టు సంఘం కుటుంబం. తల్లి రిబ్కమ్మ కూలికి పత్తి ఏరి ఇంతదాకా చదివించింది. ఇంకో ఏడాది చదివించడం ఆమె వల్ల కాదు. పాస్ కాకపోతే మహిమ కూడా పత్తి చేన్లోకే.

ఆ ముప్పై ఒకటి వేసింది నేను.

తోటి విద్యార్థులారా, మగ్గాల ముందు నిలబడే అన్నలారా, నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఈ కథ మొదలుపెట్టలేదు. మనలో మనకు కుళ్లు ఎలా పెడతారో, దాని వల్ల ఎవరు హాయిగా ఉంటారో చెప్పాలని మొదలుపెట్టాను.

మా శాఖాధిపతిని హెడ్ సార్ అంటాం. ఆయన ప్రాజెక్టులు చదవడు. ఏటా ఒక విద్యార్థిని పిలిచి కట్టలన్నీ అప్పగిస్తాడు. ఈ ఏడు నన్ను పిలిచాడు.

"నువ్వు సమజ్‌దార్ పోరగానివి సుధాకర్. పెన్సిల్‌తోని మార్కులు రాసుకరా. మీదంగ నేను పెన్ను తిప్పుత. బయట ఎవలకు చెప్పకు" అన్నాడు. నా ప్రాజెక్టు మీద మాత్రం అప్పటికే ఎనభై ఆరు రాసి ఉంచాడు. ఛాతీ పొంగింది, దాచడమెందుకు.

అందరివీ ఒళ్లు దగ్గర పెట్టుకునే దిద్దాను. మహిమది తెరిచేసరికి చేయి ఆగింది. ఆమె రాసింది మా వాడ గురించి. వేములవాడ దగ్గర మా ఊళ్లో ఎనిమిది రోజులుండి, మా ఇంట్లోనే తిని, మా బాపు బాలమల్లు పని చేసే షెడ్డులో నిలబడి రాసుకుంది. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. సాంచాల చప్పుడులో మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, నాకది రాయాల్సిన సంగతిగా తోచలేదు. నేను ఆఫీసు రిపోర్టులు ముందేసుకుని సహకార సంఘాల మీద రాశాను.

సెమినార్‌లో నేను మాట్లాడితే ఆవలించారు. ఆమె మాట్లాడితే గంగుబాయి కళ్లు తుడుచుకుంది. జైనూర్ నుంచి వచ్చిన గంగుబాయి ఎవరినీ తొందరగా మెచ్చే మనిషి కాదు. నాకు కన్నుకుట్టింది. అదైనా ఓర్చుకునేవాణ్ణేమో. ఇంటికి పోయిన ప్రతిసారీ బాపు "మహిమ మంచిగున్నదా?" అని అడిగేవాడు. నువ్వేం రాస్తున్నవురా అని నన్నెప్పుడూ అడగలేదు. నా తండ్రిని ఆమె ఎత్తుకుపోయినట్టే అనిపించి కడుపు మండిపోయింది.

పన్నెండో పేజీ దాకా చదివాను. ఇంకొకటి తిప్పితే ఎక్కువ మార్కులు వేయాల్సి వస్తుందని మూసేశాను. ముప్పై ఒకటి చూసి హెడ్ సార్ ఆగుతాడని, అడుగుతాడని అనుకున్నాను. ఆయన దాని మీద పెన్ను తిప్పి పక్కన పెట్టాడు.

మార్కులు పెట్టిన రోజు మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో వాదన మొదలైంది. "మనయి మనకు వచ్చినయి గదా, మనకెందుకు" అన్నారు కొందరు. "అడిగితె మనయి గూడ తగ్గిస్తరు" అన్నారు ఇంకొందరు.

"నాకు యాభై రెండొచ్చినయి," గంగుబాయి పళ్లెం పక్కకు జరిపింది. "ఎందుకొచ్చినయో ఎవలన్న చెప్పుండ్రి. సార్ నా కాగితాల మీద ఒక్క గీతన్న గీసిండా? మీ వాటి మీద గీసిండా?"

నేను పళ్లెం వదిలేశాను. లేచి మా ఊరి బస్సెక్కాను.

బాపు షెడ్డులో ఉన్నాడు. ఆ చప్పుడులో నేను పెదవులతోనే చెప్పాను, మహిమను ఫెయిల్ చేసింది నేనేనని. ఆయన చదివాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. సాంచ బంద్ చేసి నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"మా తాన గూడ గంతేరా. బట్టల తప్పులు సేటు చూస్తడా? మాలోనె ఒకన్ని వెట్టి తీపిస్తడు. మేం వాని మీద పండ్లు కొరుకుతం. సేటు సల్లగుంటడు." నా చొక్కాకంటిన నూలు దులిపాడు. "పొద్దుగాల్ల పో. అందరి ముంగట చెప్పు."

మర్నాడు పదిగంటలకు, గంగుబాయి కూడగట్టగా, అందరం హెడ్ సార్ గది ముందు నిలబడి మహిమది మళ్లీ దిద్దమని అడిగాం. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"మల్ల దిద్దాలంటె అందరియి దిద్దుత. ఎనభై ఉన్నోనికి నలభై రావచ్చు. తయారున్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఒక్క చేయి లేవలేదు. మా అందరి కుళ్లూ ఆయనకు బాగా తెలుసు. నేను చేయెత్తాను. పెన్సిల్ సంగతి, పన్నెండో పేజీ సంగతి, నా కడుపుమంట సంగతి అన్నీ చెప్పాను.

"గట్లయితె నా యాభై రెండు?" గంగుబాయి అడిగింది.

"నేనే ఏసిన."

ఆమె నా కాలరు పట్టుకుంది. నలుగురు మీదికొచ్చారు. గదిలో హెడ్ సార్ ముఖం తేటపడటం చూశాను.

"ఇడ్సిపెట్టు గంగుబాయి," మహిమ అంది. "వీని సంగతి తర్వాత. మనం కొట్లాడుకుంటె గాయన కూసోని చూస్తుండు." గడప దగ్గరికి నడిచింది. "సార్, మీరు చదవలే. సరే. మేం చదువుతం, మీరు ఇనుండ్రి. ఇరవై ఒక్కటి ఉన్నయి. అన్నీ ఇన్నంకనే మార్కులు ఎయ్యుండ్రి."

ఆమె గడప ముందు కూర్చుంది. గంగుబాయి కాలరు వదిలి పక్కనే కూర్చుంది. ఒకరి వెనక ఒకరు వరండా నిండా కూర్చున్నారు. అప్పుడు లేచాయి చేతులు, ఇరవై.

మహిమ తన కాపీ నాకిచ్చింది. "పదమూడు నుంచి చదువు."

చదివాను. ఆ పేజీలో ఉన్నవి బాపు మాటలు.

"నా కొడుకు పెద్ద సదువు సదువుతుండు. మా గురించి వాడే రాస్తె బాగుండని నా మనసుల ఉన్నది. నేనెట్ల అడుగుత, సదువుకున్నోన్ని? వాడు గూడ నన్ను అడుగలే. నువ్వడిగినవు, చెప్తున్న బిడ్డా."

ఆ వాక్యం దగ్గర ఆగాను. ఎవరూ నవ్వలేదు. ఎవరో నీళ్ల సీసా అందించారు. మళ్లీ చదివాను.

నలభయ్యో పేజీలో ఉండగా పోలీసు జీపు వచ్చింది. మేం చదువుతుండగానే హెడ్ సార్ లోపలి నుంచి ఫోన్ చేసి, మార్కుల కాగితాలు దొంగతనంగా దిద్దింది నేనేనని ఫిర్యాదు రాసి ఉంచాడు. దిద్దింది నిజమే. ఎవరు దిద్దించారో ఆ కాగితంలో లేదు. ఎస్సై నా రెక్క పట్టుకున్నాడు. గంగుబాయి నా చేతిలోంచి ప్రాజెక్టు తీసుకుని, నేనాపిన వాక్యం నుంచే అందుకుంది.

"ఎప్పుడు లేస్తరమ్మా?" అడిగాడు ఎస్సై.

"గిది మొదటిదే సార్. ఇంక ఇరవై ఉన్నయి," అని పేజీ తిప్పింది.

జీపు గేటు దాటేదాకా ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. ఆ వరండాలో కూర్చున్న ఒక్కొక్కరి మీదా నాకు అసూయ కలిగింది.