రక్తం కట్టే వాక్యం

కోయ్ చనిపోయిన రోజున డాక్టర్ క్వాన్సా మధ్యాహ్నం రెండున్నరకు లిక్ ఫోర్క్ క్లినిక్ తలుపు తోశాడు. తోసిన చెయ్యి దించకముందే మూతి మీద ఇనప పానాతో దెబ్బ పడింది. పన్ను విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది.

"యాడ సచ్చినావురా పొద్దన్నుంచి? మా తమ్ముడు నలభై నిమిషాలు నెత్తురు కారి కారి పోయినాడు!"

కోయ్ అన్న ఎల్బర్ట్ మళ్లీ పానా ఎత్తాడు. అతని చొక్కా కోయ్ రక్తంతో అట్ట కట్టి ఉంది. రెండో దెబ్బ భుజం మీద పడింది. క్వాన్సా కూలిపోయాడు. ఎల్బర్ట్ బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ తన్నాడు.

నర్సు వెర్నా అడ్డం పడింది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఈయన్ని చంపితే వాడు లేచొస్తాడా ఎల్బర్ట్?"

"చంపన్లే. యాడున్నాడో చెప్పమను, చాలు."

క్వాన్సా చెప్పలేదు. చెబితే ఏం పోతుందో ఆయనకు తెలుసు.

ఘనా నుంచి వచ్చి ఈ దేశపు ఆసుపత్రిలో శిక్షణ ముగించుకున్న వైద్యుడు వీసా షరతు ప్రకారం వెనక్కి వెళ్లి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఏ డాక్టరూ రాని ఇలాంటి బొగ్గు కొండల్లో మూడేళ్లు పనిచేస్తానంటే దానికి మినహాయింపు. వారానికి నలభై గంటలు, ఈ ఊరి రోగులకే, ఈ కప్పు కిందే. కానీ క్లినిక్ యజమాని గార్లండ్ మల్లిన్స్ ఆయనను వారంలో మూడు రోజులు యాభై మైళ్ల అవతల పట్నంలోని తన ఇంకో క్లినిక్‌కు పంపేవాడు. అక్కడి రోగుల బీమా ఎక్కువ డబ్బు రాల్చేది. ఇక్కడి హాజరు పట్టీలో మాత్రం ఎనిమిది నుంచి ఐదు దాకా అని సంతకం ఉండేది. రెండేళ్ల ఏడు నెలలుగా క్వాన్సా ఆ సంతకం పెడుతూనే ఉన్నాడు. ఉద్యోగం పోతే మినహాయింపు పోతుంది. ఆ తర్వాత భార్యా, మూడో తరగతి చదివే కూతురూ పెట్టె సర్దుకోవాలి.

ఆ ఉదయం కొండ మీద చెట్లు కొడుతుంటే మోటారు రంపం ఎగిరి కోయ్ తొడ కోసింది. ఎల్బర్ట్ అతన్ని క్లినిక్‌కు మోసుకొచ్చాడు. గాయం గజ్జల దగ్గర కావడంతో కట్టు నిలవలేదు. మంచు దట్టంగా ఉండి హెలికాప్టరు దిగలేదు. వెర్నా పిడికిలి గాయంలో దూర్చి కూర్చుంది. డాక్టరే ఉంటే తెగిన రక్తనాళాన్ని పట్టి బిగించడం పది నిమిషాల పని.

గార్లండ్ వచ్చాడు, వెంట ఓ పోలీసును తెచ్చాడు. పోలీసు ఎల్బర్ట్ తలను గోడకు కొట్టి, చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేసి, బల్లకు కట్టేశాడు. గార్లండ్ క్వాన్సాను మందుల గదిలోకి లాక్కెళ్లి కాగితం ముందు పెట్టాడు.

"పొద్దున ఇక్కడే ఉన్నావు. పక్క లోయలో మంచాన పడ్డ ముసలావిణ్ణి చూడ్డానికి వెళ్లావు. ఆవిడకి నిన్నటి సంగతే గుర్తుండదు. సంతకం పెట్టు."

"ఎల్బర్ట్?"

"జైలుకి. నీ పన్ను పోయింది కదయ్యా, బాధెందుకు?" గార్లండ్ నవ్వాడు. "నిజం బయటపడితే నాకు జరిమానా, నీకు విమానం. నువ్వు పోతే ఇంకొకడు. మీవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు."

క్వాన్సా కలం తీసుకున్నాడు. నోట్లోంచి రక్తం కాగితం మీద పడింది. తుడవబోయాడు. అప్పుడే గోడ అవతల కోయ్ తల్లి ఓపల్ గొంతు వినిపించింది.

"నెత్తురు కట్టే బైబిలు వాక్యం నాదే తప్పింది వెర్నా. మా మేనమామ చెవిలో చెప్పి ఇచ్చినాడు. గొడ్డుకు కట్టింది, మనిషికి కట్టింది, ఏ పొద్దూ తప్పలే. నెత్తురు ఆగాలంటే మనిషి పేరు మొత్తం పలకాల. కోయ్ లీమన్ స్టిల్ట్‌నర్ అనాల. బిడ్డ అరుస్తా ఉంటే ఉత్త కోయ్ అన్నానేమో. నా నోరే పడిపోను! నా బిడ్డను నేనే చంపుకున్యా."

వెర్నాకు నిజం తెలుసు. ఆమె జీతమూ గార్లండ్ చేతిలోదే.

క్వాన్సా కలం కింద పెట్టి బయటికి వచ్చాడు. డొక్క పట్టుకుని, శవం పక్కన కూర్చున్న ఓపల్ ముందు నిలబడ్డాడు.

"మీ నోరు తప్పలేదమ్మా. నేను పట్నంలో ఉన్నాను. మల్లిన్స్ పంపితే వెళ్లాను. ఇక్కడున్నట్టు దొంగ సంతకాలు పెట్టాను. నేనుంటే బతికేవాడు."

ఓపల్ లేచింది. పిడికిలి బిగించి ఆయన పగిలిన మూతి మీదే కొట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"రెండేళ్ల ఏడు నెలలు."

సంకెళ్లు గుంజుతున్న ఎల్బర్ట్ ఆగిపోయాడు. అతని చూపు డాక్టరు మీద నుంచి, వెనకే కాగితంతో బయటికొచ్చిన గార్లండ్ మీదికి మళ్లింది. పోలీసు కూడా అటే చూశాడు. గార్లండ్ ఒక్క అంగలో వచ్చి క్వాన్సా కాలరు పట్టి మందుల బీరువాకు గుద్దాడు. అద్దం పగిలి మెడ మీద పడింది.

"పెట్టరా సంతకం!"

"పెట్టను."

గార్లండ్ మళ్లీ గుద్దాడు.

"పెట్టను," అన్నాడు క్వాన్సా.

కాగితం నేల మీద తడిసి పడి ఉంది. కోయ్ కళ్లు ఇంకా ఎవరూ మూయలేదు. ఎల్బర్ట్ సంకెళ్లు విప్పలేదు. ముందు గదిలో పొద్దుటి నుంచి కూర్చున్న పదకొండు మంది రోగులను ఇంకా ఎవరూ చూడలేదు.