జవాబు వచ్చేదాకా

స్కూల్లో పిల్లలు నాకు తోక టీచరని పేరు పెట్టారు. తొమ్మిదో తరగతిలో అమ్మలు అనే పిల్ల ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటాను మరి. అమ్మలుకి ఎదుగుదల కాస్త నెమ్మది. పాఠం అందరితో పాటే వింటుంది, జవాబు మాత్రం తీరిగ్గా చెబుతుంది. ఆ తీరిక దానికి దక్కేలా చూడటమే నా ఉద్యోగం. అందుకే ప్రశ్న అడిగాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. లేకపోతే నా నోరు ఊరుకోదు, నేనే చెప్పేస్తాను.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారు అమ్మలునీ, వాళ్లమ్మనీ, నన్నూ తన గదికి పిలిపించారు. సంగతి నాకు ముందే తెలుసు. వచ్చే ఏడు పదో తరగతి, స్కూలు రిజల్టు దెబ్బతింటుందని ఆయన బెంగ. పిల్లని ఊరవతల వేరే స్కూలుకి పంపేస్తే ఆయన హాయిగా నిద్రపోతారు.

"అమ్మాయిని వేరే స్కూలుకి పంపడమే మంచిది. మీ ముందే మూడు ప్రశ్నలు అడుగుతానమ్మా. మీరే చూడండి," అన్నారు వాళ్లమ్మతో. తర్వాత పిల్ల వైపు తిరిగారు. "ఇవాళ మొదటి పీరియడ్ ఏంటి?"

అమ్మలు టేబుల్ అంచు పట్టుకుని ఆలోచిస్తోంది. వాళ్లమ్మ పెదాలు కదిలాయి. నేను ఆవిడ చెయ్యి నొక్కాను. ఆయనేమో పెన్నుతో టేబుల్ మీద టకటకా కొట్టారు.

"పోనీలే. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"లెక్కలు," అంది అమ్మలు.

ఆయన నా వంక అదోలా చూశారు. "మీ నాన్న ఏం చేస్తారు?"

అమ్మలు కిటికీ వైపు చూసింది. "వాలీబాల్ నెట్టు."

"చూశారా? నాన్న సంగతి అడిగితే నెట్టు అంటోంది!"

వాళ్లమ్మ తల వంచుకుంది. ఆ వంచిన తల చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆగండి సార్. మూడోదానికి జవాబు ఇంకా రాలేదు."

"ఇంకేం జవాబు?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"బస్సు నడుపుతారు," అంది అమ్మలు.

"మొదటి పీరియడ్ లెక్కలు. కిటికీ అవతల నెట్టు. నాన్న డ్రైవరు," అన్నాను. "ఒక్కటీ తప్పు చెప్పలేదు సార్. మీరే దాని జవాబుకి ఆగకుండా పరిగెత్తారు."

ఆయన మొహం ఎర్రబడింది. "క్లాసు నిండా పిల్లలు. ఈ అమ్మాయి ఒక్కదాని కోసం ఎవరాగుతారండీ?"

"నేనాగుతాను. నేర్చుకుంటే మీరూ ఆగుతారు."

ఉద్యోగం ఊడుతుందేమోనని భయం వేసింది. వేసినా మాట వెనక్కి తీసుకోదలచుకోలేదు.

అప్పుడు అమ్మలు అడిగింది. "సార్, నన్నెందుకు పంపించేస్తారు?"

అడిగి, అచ్చం నాలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన పెన్ను మూత తీశారు, మళ్లీ పెట్టారు. గొంతు సవరించుకున్నారు. అమ్మలు చెయ్యి తియ్యలేదు, చూపు కూడా తిప్పలేదు. ఇంతలో బెల్లు మోగింది.

వాళ్లమ్మ లేచింది. ఇందాక తల వంచుకున్న మనిషి, కూతురి సంచి తీసి దాని భుజానికి తగిలించింది.

"తొందరేం లేదు సార్, ఆలోచించుకుని చెప్పండి," అంది. "అందాకా మా అమ్మాయి తన క్లాసులోనే ఉంటుంది."