ఆదివారం రిక్షా

ఆకాశం విరిగి మీద పడినా మా ఆయన హెబ్రోను ఆదివారం రిక్షా తొక్కేవాడు కాదు. ఆ రోజు రిక్షా నాగూర్‌ది. నాగూర్ నెల్లూరులో మా పక్క వీధివాడు, స్టాండులో మా ఆయనకు జతగాడు. ఆదివారం తన పాత రిక్షాను బావమరిదికి ఇచ్చి, దూరం నడవలేని ముసలమ్మలను మా రిక్షాలో చర్చికి తెచ్చేవాడు, ఆరాధన అయ్యాక ఇళ్లకు చేర్చేవాడు. ఆ కిరాయి అతనిదే. శుక్రవారం అతను నమాజుకు వెళ్తే అతని బేరాలు మా ఆయన చూసుకునేవాడు. ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆ పద్ధతిలో ఏనాడూ మాట తేడా రాలేదు.

రెండు రిక్షాలూ బండ్ల వ్యాపారి పద్మనాభయ్య దగ్గర వాయిదాల మీద కొన్నవే. మా వాయిదాలు అరవై మూడులో, ఈస్టరుకు ముందే తీరిపోయాయి. నాగూర్ భార్య ముంతాజ్ బేగం టైఫాయిడుతో మంచం పట్టడంతో అతనివి ఆగిపోయాయి. వాయిదా తప్పినవాడి బండిని పద్మనాభయ్య మనుషులు లాక్కుపోయేవారు. తెల్లారేసరికి దానికి కొత్త రంగు వేసి ఇంకొకడికి అంటగట్టేవారు.

ఆ ఏడే ఒక ఆదివారం, చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగం మంచి పాకంలో ఉండగా గేటు దగ్గర నాగూర్ కేకలు వినబడ్డాయి.

"అన్నా! బండి లాక్కుపోతుండారన్నా!"

నేను లేచాను. మా ఆయన నా కొంగు పట్టి కూర్చోబెట్టాడు. "ప్రార్థన అయిపోనీ జయశీలా" అన్నాడు. ఆ మనిషి శాంతం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బయటికి వచ్చేసరికి చిరిగిన చొక్కాతో నాగూర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏ బండి ఎక్కినా దర్గా నుంచి తెచ్చిన పచ్చగుడ్డ హ్యాండిల్‌కు కట్టుకోవడం అతనికి అలవాటు. ఆ గుడ్డను చూసి బండి అతనిదే అనుకున్నారట పద్మనాభయ్య మనుషులు.

"ఇది హెబ్రోనన్నదని మొత్తుకున్నా వదినా. బాకీ ఉండేవోళ్లందరూ ఇదే మాట చెప్తారని నన్ను తోసేసినారు."

"నీ బాకీకి మా బండి బలైపోయింది గదయ్యా! మా కూడు పోయింది గదా!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తల వంచుకుని ఎటో వెళ్లిపోయాడు. తప్పించుకున్నాడనుకుని ఇంకో నాలుగు తిట్లు తిట్టాను.

"రేపు పోయి అడుగుదాం. ఇయ్యాళ ఆదివారం గదా" అన్నాడు మా ఆయన.

"రేపటికి రంగు మారిపోయి ఉంటాది!"

ఇంతలో నాగూర్ బండిలో తెచ్చిన ముసలమ్మల్లో ఒకామె, ఏసుమణి అవ్వ, కర్ర పోటు వేసుకుంటూ వచ్చి, "మా బండి ఏదే?" అంది.

"వెనక వీధిలో పద్మనాభయ్య ఇంట్లో ఉండాది అవ్వా. ఆడికి పోయి ఎక్కాల."

నేను వేళాకోళంగా అన్నాను. అవ్వ నిజంగానే బయలుదేరింది. ఆమె వెనకాల తెల్లచీరల ముసలమ్మలంతా బయలుదేరారు. మా ఆయన ఇక ఆగలేక అవ్వకు చెయ్యి అందించాడు.

భోజనం చేసి త్రేన్చుతూ బయటికి వచ్చిన పద్మనాభయ్యకు అరుగు నిండా ముసలమ్మలు కనబడ్డారు.

"ఎవురమ్మా మీరంతా?"

"బండి కోసం వచ్చినాం నాయనా. ఇంటికి పోవాల" అంది ఏసుమణి అవ్వ.

అప్పుడు పద్మనాభయ్య మా ఆయనను చూశాడు. పెరట్లో ఉన్న బండి ఎవరిదో అర్థమై ముఖం మాడిపోయింది. అయినా తగ్గే రకం కాదు. "బండిని వేరేవాళ్ల చేతికి ఇయ్యకూడదని షరతు ఉండాది గదా హెబ్రోనూ. తప్పు నీదే" అన్నాడు.

"వాయిదాలు తీరిపోయినాక ఇంకా షరతేందయ్యా? ఆ బండి మీదా, మాదా?" అన్నాను నేను.

అతను మాట మార్చాడు. "సరే, నాగూర్‌ని పట్టకరాండి. వాడి బండి నాకు పెట్టి మీ బండి తీసకపోండి."

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాగూర్ కనబడితే చొక్కా పట్టి ఈడ్చుకొచ్చేదాన్ని. ఆ అవసరం లేకపోయింది. చెమటలు కక్కుకుంటూ నాగూరే వచ్చాడు, తన పాత రిక్షా తొక్కుకుంటూ. బావమరిది కోసం ఊరంతా వెతికాడట. బండిని గుమ్మం ముందు ఆపి దిగాడు.

"అయ్యా, నాది ఇదిగో. అన్న బండి ఇచ్చేయండి."

ముంతాజ్ బేగం మందులకు రేపటి నుంచి డబ్బు ఎక్కడిదో అతను చెప్పలేదు. నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

పద్మనాభయ్య మా బండిని బయటికి తెప్పించాడు.

"బండి ఇస్తే సరా? పొరపాటైందని చెప్పండి" అన్నాను. మా ఆయన నా మోచేతిని గిల్లాడు. ముసలమ్మలు మాత్రం కదలకుండా చూస్తూ కూర్చున్నారు.

"పొరపాటే అయిందిలేమ్మా" అన్నాడు పద్మనాభయ్య, వీధివైపు చూస్తూ.

ఏసుమణి అవ్వ రిక్షా ఎక్కింది. నాగూర్ దూరంగా జరిగాడు. "నేనింక మీ బండి ముట్టుకోను వదినా."

"అట్టనా? మరి ఈ ముసలోళ్లను భుజాన ఎత్తకపోతావా? ఎక్కు! రేపటి నుంచి పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి నువ్వు. నీకు ఇంకో బండి కుదిరేదాకా ఇంతే."

మా ఆయన నోరు తెరుచుకుని నన్ను చూశాడు. సగం కూడు ఇచ్చేశానని నాకూ అప్పుడే తెలిసింది. అయినా గుండెల్లో బరువు దిగినట్టయింది.

నాగూర్ ముంజేత్తో కళ్లు తుడుచుకుని సీటెక్కాడు. "గట్టిగా పట్టుకో అవ్వా" అన్నాడు.