కింది సొరుగు

లోర్దీతా కవరు చింపి, దరఖాస్తులో మూడో పంక్తి మాత్రం చూసేది. కాలేజీకి వెళ్ళి చదివినవాళ్ళు బల్ల మీది ట్రేలోకి, ఆన్‌లైన్‌లో చదివినవాళ్ళు కింది సొరుగులోకి. జనరల్ శాంటోస్ రేవుపట్నంలోని ఆ ట్యూనా చేపల కర్మాగారంలో ఆమె పదకొండేళ్ళుగా గుమాస్తా. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. "అవి నా దాకా తేకు" అని మేనేజరు ఆర్నుల్ఫో ఒకసారి అన్నాడు, అంతే.

లోర్దీతా పొట్టి మనిషి. నలభై ఆరేళ్ళు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఆదివారాలు ఇంటర్నెట్ కొట్లో, వీడియో గేముల కేకల మధ్య చెవుల్లో దూది పెట్టుకుని, నాలుగేళ్ళు చదివి డిగ్రీ తెచ్చుకుంది. ఉద్యోగ నియామకాల విభాగం అధికారి మానేసి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి ఆ పనీ, ఆ సంతకమూ ఆమెవే. ఇప్పుడు వస్తున్న దరఖాస్తులు ఆ కుర్చీకే.

ఆ ఉదయం ఇంకో కవరు చింపింది. మూడో పంక్తి చూసింది. చెయ్యి అలవాటుగా సొరుగు లాగింది. అప్పుడు కనబడింది పేరు. తనదే. పోయిన వారం తనే పోస్టులో వేసింది.

సొరుగులో ఇంకా ముప్ఫై ఉన్నాయి. అందులో ఒక్క పేరూ ఆమెకు తెలియదు. ఎప్పుడైనా చదివితేగా! కూర్చుని అన్నీ చదివింది. ఓడరేవులో ఐసు గిడ్డంగి చూసుకుంటూ పట్టా తెచ్చుకున్నాడొకడు. మంచాన పడ్డ తల్లి పక్కన కూర్చుని చదివిందొకావిడ. సిగ్గుతో లోర్దీతా చెవులు వేడెక్కాయి.

మొత్తం తీసుకెళ్ళి ఆర్నుల్ఫో ముందు పెట్టింది.

"ఏంటక్కా ఇది? నీది కూడానా!" అని నవ్వాడతను. "ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలు. ఎవరు రాశారో ఎవరికి తెలుసు?"

"మీ నెలవారీ రిపోర్టు ఎవరు రాస్తున్నారో పైవాళ్ళకి తెలుసా సార్?"

అతని నవ్వు ఆగిపోయింది. "ముందు వీటిని ఎక్కడివక్కడ పెట్టు."

"పెట్టను."

వాటిని తీసుకుని తన బల్ల దగ్గరికొచ్చి ముప్ఫై మందికీ శుక్రవారం ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరాలు టైపు చేసింది. అధికారి స్థానంలో తనే సంతకం పెట్టి పంపేసింది. తన దరఖాస్తు మాత్రం నిలువునా చింపేసింది. తనను తానే పిలుచుకుంటే మిగతావాళ్ళ పిలుపుకి విలువుండదు. చివరగా రాజీనామా రాసింది.

ఆర్నుల్ఫో పరుగున వచ్చేసరికి ఉత్తరాలు వెళ్ళిపోయాయి. "వీళ్ళందర్నీ నేను కూర్చుని చూడాలా?"

"చూడండి సార్. పదకొండేళ్ళు నేను చూడలేదు."

గేటు దగ్గర కాపలావాడు అడిగాడు: "అప్పుడేనా అక్కా? ఇంకా భోజనాల వేళ కూడా కాలేదు."

"నాకు ఆకలేస్తోంది తమ్ముడూ" అంటూ ఆమె ఎండలోకి నడిచింది.

లోపల ఏసీ గదిలో ఆమె కుర్చీ వీపుకి ఊదారంగు స్వెట్టరు వేలాడుతోంది. దాని కుడి మోచెయ్యి బల్ల అంచుకి రాసుకుని రాసుకుని జల్లెడైపోయింది.