ఎడమచేతి మర్యాద

తిమోతి మూడో గుంటలో ఇసుక పోసి, నాలుగో గుంట దగ్గరికి వచ్చి ఊపిరి బిగబట్టాడు. రాత్రి వండిన సాంబారన్నం ఒక్క మెతుకు మిగల్లేదని వంటవాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. అదంతా ఎక్కడికి చేరిందో ఇక్కడ కనిపిస్తోంది. ఎవడు వదిలింది వాడే పారెడు ఇసుకతో కప్పాలని క్యాంపు నియమం. గుడారాల మధ్య బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టారు కూడా. క్యాంపులో ఉన్నది పసిపిల్లలు కాదు, పద్దెనిమిదేళ్ళు దాటిన స్కౌట్లు, అంటే రోవర్లు. అందరికీ చదువొచ్చు. పార పట్టుకున్నవాళ్ళు మాత్రం పదిమంది ఉండరు. చదువుకున్న వెధవలు, కడుక్కున్న డబ్బాలు కూడా గుంటల్లోకే దొర్లించి పోయారు.

అతను వంగి, ఒక్కో డబ్బానూ కర్రతో పైకి లాగాడు. సన్నటి మనిషి. నడుము దగ్గర ఖాకీ నిక్కరు నిలవక పురికొస కట్టుకున్నాడు. అరచేతుల్లో కాయలు కాచి, వాటి మధ్య గీతల్లో గుంటల్లో చల్లే సున్నం ఇరుక్కుపోయింది. మైపాడు తీరంలో మే నెల పొద్దున పడమటి గాలి వీస్తుంది, మధ్యాహ్నం తిరిగి సముద్రం వైపు నుంచి కొడుతుంది. ఏ వేళకైనా వాసన వంటపాక వైపు పోకుండా సరుగుడు తోట మూలన గుంటలు తవ్వడం తిమోతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు. ఇది అతనికి ఆరో క్యాంపు. ఆరింటిలోనూ అతని పేరుకు ఎదురుగా రాసిన పని ఇదే.

మిగతా రోజుల్లో తిమోతి నెల్లూరులో ఒక హైస్కూల్లో లాబ్ అటెండరు. గాజు గొట్టాలు కడుగుతాడు, యాసిడ్ సీసాలు తుడుస్తాడు. తల్లి మగ్దలీనమ్మది ఆసుపత్రిలో ఊడ్చే పని. ఆరేళ్ళ కిందట సైన్సు మాస్టారు జయరామయ్య అతన్ని రోవర్లలో చేర్చుకుని, లాబులోనే ఎడమ చెయ్యి చాపాడు. స్కౌట్లు కలుపుకునేది ఎడమ చెయ్యే, ‘తమ్ముడూ’ అని పిలిచినట్టు అర్థం అన్నాడు. తిమోతి అప్పటిదాకా ఎవరి చేతినీ, ఏ చేత్తోనూ పట్టుకుని ఊపలేదు. ఇంటికి పోయి తల్లికి చెప్పాడు.

"ఆ చెయ్యి ఇచ్చినాడా నీకు? అది కడుక్కునే చెయ్యి గదరా!" అని మగ్దలీనమ్మ పడీపడీ నవ్వింది. "వాళ్ళమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానియ్యదు, పో."

తిమోతికి మాత్రం నవ్వు రాలేదు. ఎవరూ అంటని చేతినే ముందుగా అందుకునే గుంపు ఒకటి లోకంలో ఉందని అతను గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఆరేళ్ళూ గుంటలు తవ్వాడు. వచ్చే డిసెంబరులో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో రోవర్ల ప్రపంచ సమ్మేళనం ఉంది. ఈ క్యాంపు నుంచి ఒక్కరిని ఎంపిక చేస్తారు, ఖర్చు చందాదార్లది. నాలుగేళ్ళకోసారి జరిగే సంబరం. తిమోతికి ఇరవై నాలుగు నిండాయి. ఇరవై అయిదు దాటితే రోవరు కాడు. పోతే ఇప్పుడే పోవాలి, లేకపోతే ఇక లేదు.

పదింటికి ఎంపికకు పిలుపు వచ్చింది. అతను ఇసుకతో, ఆ తర్వాత కుంకుడు నురగతో, చివరికి ఫినాయిల్ నీళ్ళతో చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. చంకలో తన లాగ్ బుక్కు పెట్టుకున్నాడు. వెంకటాచలం ఊరి పక్కన ఒక వాడలో మూడేళ్ళు ఆదివారాలు పోయి ముప్పై ఒక్క ఇళ్ళకు మరుగుదొడ్డి గుంటలు తవ్వించిన కథ అందులో ఉంది. బొమ్మలు వేశాడు, లోతులు రాశాడు. ఒక పేజీలో పేరమ్మ అనే ముసలామె వేలిముద్ర ఉంది. తుమ్మపొదల చాటుకు పోవడానికి పొద్దు గుంకేదాకా కడుపు పట్టుకుని కూర్చునే బాధ తనకు తప్పిందని ఆమె చెబితే అతను రాసుకున్నాడు.

గుడారంలో కుర్చీ మీద స్కౌట్ల జిల్లా కమిషనరు రంగనాయకులుగారు కూర్చున్నారు. తిమోతికి ముందు వెళ్ళినవాడు ఆనందబాబు, కొడవలూరు రైసుమిల్లు యజమాని కొడుకు. వాడికి ఆయన ఎడమ చెయ్యి ఇచ్చి, భుజం కూడా తట్టారు. తిమోతి వచ్చి చెయ్యి చాపాడు. రంగనాయకులుగారు రెండు చేతులూ జోడించారు.

"మన సంప్రదాయం నమస్కారం గదయ్యా," అన్నారు.

తిమోతి చెయ్యి కాసేపు అట్లాగే గాల్లో ఉండిపోయింది. తాతల నాడే తిమోతి ఇంట బాప్తిస్మం తీసుకున్నారు గానీ, ఆ నీళ్ళు కమిషనరుగారి కంటికి ఇంకా ఆనలేదు. లాగ్ బుక్కు పేజీలను ఆయన పెన్సిల్ మొనతో తిప్పారు. నోరు మాత్రం చాలా మంచిది.

"చాలా బాగుంది. దొరలకు ఇట్టాంటి పనులే నచ్చేది. మీ నాయన ఏం చేసేవాడు?"

"మునిసిపాలిటీలో బండి తోలేవాడు సార్."

ఏం బండో ఆయన అడగలేదు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నారు, పుస్తకాన్ని ముట్టుకున్నది పెన్సిలే అయినా. బల్ల పక్కనే నిలబడ్డ జయరామయ్య మాస్టారు గుడారం గుడ్డ మీద చారలు లెక్కపెడుతున్నట్టు అటే చూస్తూ ఉండిపోయాడు.

భోజనాలప్పుడు ఈల ఊది ఆనందబాబు పేరు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. తిమోతి కూడా కొట్టాడు. మొక్కుబడికి కొట్టే చప్పట్లు ఎంత అసహ్యంగా మోగుతాయో అతనికి అప్పుడే తెలిసింది.

రెండింటికి జయరామయ్య సరుగుడు తోటలోకి వచ్చాడు. ముక్కు మూసుకోలేదు గానీ గుంటకు పదడుగుల దూరంలోనే ఆగాడు.

"తిమోతీ, ఆ లాగ్ బుక్కు ఇయ్యి నాయనా. పొయ్యేవాడు చేసిన సేవకు రికార్డు పంపాలంట. ఆనందబాబు ఏం చేసినాడు పాపం, మిల్లు చూసుకునేదానికే సరిపొయ్యె. అట్ట మీద తెల్లకాయితం అంటించి పేరు రాస్తే సరిపోద్ది."

"నా పేరు మీద అంటిస్తారా సార్?"

"నీకింక దాంతో పనేముండాది? మన జిల్లాకే గదా పేరు. కమిషనరుగారు మాటిచ్చేసినారు." ఆయన గొంతు తగ్గించాడు. "నేనేం చేసేదయ్యా. నా ప్రమోషను కాయితం ఆయన చేతిలో ఉండాది."

ఆరేళ్ళుగా గుంటల మీద వంగినా ఎప్పుడూ రాని వాంతి తిమోతికి గొంతు దాకా వచ్చింది. తనకు మొదటిసారి చెయ్యి ఇచ్చిన మనిషే ఇతను.

"సాయంత్రానికి ఉంటుంది సార్, ఈడనే," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆనందబాబు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. తనకు వడ్డించింది ఎవరి విస్తరిలోదో చూడనివాడు, అంతే.

"తిమోతన్నా, పుస్తకం ఇస్తున్నావంట గదా. నీ మేలు మరవను. ఆడినుంచి నీకు పటాలు తెస్తా." ఎడమ చెయ్యి చాపాడు.

తిమోతి ఆ చేతిని చూశాడు. మెత్తగా, శుభ్రంగా ఉంది. ఆరేళ్ళ కిందటైతే రెండు చేతులా పట్టుకునేవాడు. ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకోవాలంటేనే ఒళ్ళు జలదరించింది. రెండు చేతులూ జోడించి, "నమస్కారం బాబూ," అన్నాడు.

అయిదింటికి అందరూ జెండా చుట్టూ చేరారు. తిమోతి పేరమ్మ వేలిముద్ర ఉన్న పేజీని నిదానంగా చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నాలుగో గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, లాగ్ బుక్కును విసిరేయకుండా, చెయ్యి చాపి కిందికి దించాడు. చేతులు కడుక్కున్నాడు. ఎవరితోనూ చెప్పకుండా నెల్లూరు రోడ్డు పట్టుకుని నడిచిపోయాడు. మళ్ళీ ఏ క్యాంపులోనూ అతను కనిపించలేదు.

చీకటి పడకముందే పుస్తకం కోసం వెతుకులాట మొదలైంది. దొడ్డికి వెళ్ళిన ఒక రోవరు చూసి పరుగెత్తుకొచ్చాడు. కమిషనరుగారు, మాస్టారు, ఆనందబాబు, వెనక ఇంకో ముప్పై మంది ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని గుంట చుట్టూ నిలబడ్డారు. సేవ చేస్తామని ప్రమాణం చేసినవాళ్ళే అందరూ. ఒకడు పక్కవాడి వైపు, వాడు ఇంకో పక్కవాడి వైపు చూశాడు. ఒక్కడి నడుమూ వంగలేదు.

"చూస్తా నిలబడతారేందయ్యా?" అని రంగనాయకులుగారు రుమాలు చాటునుంచి విసుక్కున్నారు. "తిమోతిని పిలవండి."

గుంట అడుగున, మధ్యాహ్నం నుంచి ఎవరూ ఇసుక కప్పనిదాని మీద, నీలం అట్ట పుస్తకం తిమోతి పేరు పైకి కనిపించేటట్టు పడి ఉంది.