కమలమ్మకు ఒక్క నిమిషం

"కమలమ్మ చచ్చిపోయిందని చెప్పిన," అన్నాడు శివప్రసాద్, అద్దంలో చూసుకుని మీసం కత్తిరించుకుంటూ.

రచన చేతిలోని ఇస్త్రీపెట్టె ఆయన లాల్చీ కాలరు మీదే నిలిచిపోయింది. మాడు వాసన వచ్చాకగానీ తియ్యలేదు.

"ఎప్పుడు?" అంది.

"ఎప్పుడైతేంది? పోయిన చలికాలం అన్న. ఆమెను పిలిపియ్యుండ్రి, స్టేజీ మీద సన్మానం జేస్తమని కమిటీవాళ్లు వెంటవడ్డరు. నేనేడికెల్లి తేవాలె కమలమ్మను?"

ఎక్కడి నుంచీ తేనక్కర్లేదు. కమలమ్మంటే రచనే.

ఇరవై ఒక్కేళ్ల కిందటి మాట. పెళ్లి చేసుకుని జనగామ నుంచి ఈ సముద్రపు ఒడ్డు యూనివర్సిటీకి కాపురం వచ్చిన కొత్తలో శివప్రసాద్ నాట్ల పాటల మీద పరిశోధన చేస్తుండేవాడు. పాటలు సేకరించాలంటే రచన పుట్టినూరు నెల్లికుదురు చుట్టుపక్కల పొలాల వెంట తిరగాలి. ఆయనకు ఎండ పడదు, బురద అసలే పడదు. అందుకని వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె బెండకాయలు తరుగుతూ పాడుతుంటే రాసుకున్నాడు. అలా డెబ్బై మూడు పాటలు. పుస్తకంలో మాత్రం ప్రతి పాట కిందా "పాడినవారు: కమలమ్మ, అరవై ఏళ్లు, నిరక్షరాస్యురాలు, నెల్లికుదురు" అని అచ్చయింది. అప్పటికి రచనకు ఇరవై నాలుగేళ్లు, ఎం.ఏ. పట్టా పెట్టెలో ఉంది. ఇదేందని అడిగితే, "ఇంట్ల పెండ్లాం పాడింది అంటే దాన్ని రిసెర్చ్ అంటరా? నవ్వుతరు," అన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, ఆయన ఇంటి కూరనే పొరుగింటిదని చెప్పి వడ్డించాడు. అందరూ లొట్టలేసుకుని తిన్నారు.

ఈ క్యాంపస్‌లో నెలకో ఉత్సవం. ఒకసారి నాటకం అంటారు, ఒకసారి వీణ కచేరీ, ఇంకోసారి బొమ్మల ప్రదర్శన. రచన అన్నిటికీ వెళ్తుంది. పూలగుత్తులు అందించడానికి, అతిథుల భార్యల్ని బీచికి తిప్పడానికి, సకినాలు చుట్టడానికి. కొత్తలో ఆమె నోరు విప్పితే చాలు, క్వార్టర్స్ ఆడవాళ్లు "అబ్బ, ఎంత తమాషాగా ఉందండీ మీ మాట, ఇంకోసారి అనండి" అని నవ్వేవారు. చెడ్డవాళ్లేం కాదు, జ్వరమొస్తే చారు పెట్టి పంపేవాళ్లే. కానీ ఆమె ఏం చెప్పబోయిందో ఎవరికీ పట్టేది కాదు, ఎలా చెప్పిందన్నదే మిగిలేది. ఇంటికొచ్చాక శివప్రసాద్ "నలుగుర్ల జర తక్కువ మాట్లాడు, నవ్వితె చాలు" అనేవాడు. ఆయన గుమ్మం దాటగానే ఈ ఊరి మాట తొడుక్కునేవాడు, లోపలికి రాగానే విప్పేసేవాడు. ఆమెకు ఆ విద్య అబ్బలేదు. తక్కువ మాట్లాడీ మాట్లాడీ, చివరికి ఇంట్లో కూడా ఆమె గొంతు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. పాట మరీ గొంతులోకి వచ్చినప్పుడు మిక్సీ వేసుకుని ఆ రొదలో పాడుకునేది.

"ఇంకో సంగతి," శివప్రసాద్ కత్తెర పక్కన పెట్టాడు. "దండ వెయ్యనీకి ఫోటో అడుగుతున్నరు. మీ అమ్మ పొలం గట్టు మీద నిలవడ్డది ఒకటుండె గదా, తియ్యి."

"మా అమ్మ బతికున్నది."

"నెల్లికుదురుల బతికున్నది. ఈడెవరు గుర్తువడ్తరు?"

"ఇయ్య."

గింతదానికి గంత పట్టుదల ఏందని గొణిగాడు. మాడిన కాలరు చూసుకుని ఇంకాస్త గొణిగి, వేరే లాల్చీ తొడుక్కుని వెళ్లిపోయాడు. రచన మంచం మీద కూర్చుండిపోయింది. అమ్మ ఫోటో అడిగితే ఇంత కోపం వచ్చింది, తననే చంపేశానంటే మాత్రం ఎప్పుడు అని అడిగిందే, తనెలాంటి మనిషి అని ఆమెకు తన మీదే ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆ పాటల పుస్తకానికి జరిగిన సభలో ఫోటో బదులు బొమ్మ పెట్టారు. ఫైన్ ఆర్ట్స్ పిల్లలు గీశారట. ముడతల మొహం, పెద్ద కుంకుమ బొట్టు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, చంకలో నారుకట్ట. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, కమలమ్మ కళ్లు నిజంగానే చారెడున్నాయి. దండ వేశారు, దీపం పెట్టారు. ఆ నిరక్షరాస్య తల్లి లేకపోతే ఈ పాటలే లేవన్నాడు ముఖ్య అతిథి. శివప్రసాద్ జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆమె ఆత్మశాంతికి ఒక్క నిమిషం మౌనం పాటిద్దామని వ్యాఖ్యాత అనగానే, హాలు మొత్తం లేచి నిలబడింది.

మూడో వరుసలో రచన కూడా లేచింది. కూర్చుంటే బాగుండదు కదా. తల వంచుకుంది, అందరూ వంచుకున్నారు కాబట్టి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇరవై ఒక్కేళ్లలో తన కోసం ఒక నిమిషం ఊరుకున్న మనుషుల్ని ఆమె ఇదే చూడడం. ఎన్ని మాటలు మొదలుపెట్టింది ఈ ఊళ్లో, ఎన్ని మధ్యలో వదిలేసింది! జ్వరంగా ఉందని చెప్పబోతే శివప్రసాద్ తువ్వాలెక్కడ అన్నాడు. కాలేజీలో ఉద్యోగం ఖాళీ ఉందంటే ముందు టీ పెట్టమన్నాడు. "మా శివయ్య పుస్తకం రాస్తుండు, సప్పుడు జెయ్యకు" అనేది అత్తగారు, అదే పుస్తకానికి పాటలు పాడుతున్న కోడలితో. ఇప్పుడు చూడు, ఎంత శ్రద్ధగా నిలబడ్డారో! పక్కనున్న ప్రొఫెసర్ భార్య కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని "నేనేనండీ" అనాలనిపించింది. నవ్వుతుందేమోనని భయమేసింది. ఇంతమంది మధ్య నిలబడి ఒక్కతే అయిపోవడం ఆమెకు కొత్త కాదు, కానీ ఈసారి ఆ ఒక్కతి కూడా లేదని తేల్చేశారు. నిమిషం పూర్తికాకుండానే వ్యాఖ్యాత "ధన్యవాదాలు, కూర్చోండి" అన్నాడు.

తర్వాత సాయిప్రియ అనే ఎం.ఏ. పిల్ల పాడింది. చక్కటి గొంతు. రెండు చరణాలయ్యాక ఆగి, "ఈ పాటకు మూడో చరణం ఉందట. అది కమలమ్మ గారితోనే పోయింది," అంది. హాల్లో అయ్యో అన్నారు.

పోలేదు. ఆ చరణం దగ్గరికొచ్చేసరికి ఆ రోజు ఎవరో స్నేహితులొచ్చారు, రచన టీ పెట్టడానికి లేచింది. శివప్రసాద్ మళ్లీ అడగలేదు, అంతే.

సభ ముగిశాక ఆమె సకినాల పళ్లెం పట్టుకుని అతిథుల మధ్య తిరుగుతోంది. శివప్రసాద్ శాలువాతో నలుగురి మధ్య నిలబడి ఉన్నాడు. సాయిప్రియ ఒక సకినం తీసుకుని, "ఆ చరణం దొరికుంటే ఎంత బాగుండేది ఆంటీ! ఇంకెవర్ని అడుగుతాం?" అంది నిజంగా దిగులుగా.

రచన పళ్లెం కింద పెట్టలేదు. అలా పట్టుకునే పాడింది.

"మడి నీదె దొరసాని, మాట నాదె
నారు నీదె దొరసాని, నోరు నాదె..."

గొంతు మొదట బొంగురుపోయింది, తర్వాత సర్దుకుంది. చుట్టూ కప్పుల చప్పుడు ఆగింది.

"రచనా, సార్లకు టీ అందలేదు చూడు," అన్నాడు శివప్రసాద్.

సాయిప్రియ అప్పటికే నోటుపుస్తకం తెరిచింది. "ఆంటీ, ఎవరు పాడారని రాయను?"

"కమలమ్మ దగ్గర మా ఆవిడ కూడా కొన్ని నేర్చుకుందిలే అమ్మా," అన్నాడు శివప్రసాద్ ఈ ఊరి మాటలో, నవ్వుతూ.

నేర్చుకున్న మాట నిజమే. నేర్పిన మనిషి మాత్రం అమ్మావాళ్ల పొలంలో నాట్లకొచ్చేది. గట్టు మీదున్న అమ్మవైపు ఓరగా చూస్తూ ఈ చరణమే పాడేది, అమ్మ విననట్టు ఊరుకునేది. పదేళ్ల రచన ఆమె వెనకే బురదలో నిలబడి నేర్చుకుంది. అందరూ యోహాను అవ్వ అనేవారు, కొడుకు పేరుతో. ఆమెకో పేరుంటుందని రచనకు ఇన్నేళ్లూ తోచనే లేదు. సిగ్గుతో మొహం వేడెక్కింది. పళ్లెం తెచ్చి శివప్రసాద్ చేతుల్లో పెట్టింది. ఆయన ఏమీ తోచక పట్టుకున్నాడు.

"కమలమ్మ అనేటామె ఎవ్వలు లేరు బిడ్డా," అంది సాయిప్రియతో, తన మాటలోనే, అందరికీ వినపడేలా. "నాకు నేర్పింది యోహాను అవ్వ. ఆమె పేరేందో నేనెన్నడు అడగలే. రేపు పొద్దున రైలెక్కి మానుకోటల దిగి, మా ఊరికి పోయి అడిగొస్త. ఆమె పేరుకు జర జాగ ఇడిసిపెట్టు. దాని కింద రాసుకో. పాడింది రచన. నలభై ఐదేండ్లు, ఎం.ఏ. చదివింది. బతికున్నది."